‘ఎంసీబీ ఉందిగా!’ అనే ధీమా

చలి మొదలవగానే తెలుగు ఇళ్లలో ఒక మాట వినిపిస్తుంది. గీజర్ ప్లగ్గు వేడెక్కుతోందనో, కుళాయి ముట్టుకుంటే చెయ్యి జిల్లుమంటోందనో ఎవరైనా అనగానే పక్కవాళ్ల జవాబు సిద్ధంగా ఉంటుంది: “ఎంసీబీ ఉందిగా! ఏదైనా అయితే అదే పడిపోతుంది.” ఇంటి ఓనరు ఇదే అంటాడు, బిల్డరు ఇదే అంటాడు, చాలాచోట్ల వైరింగ్ చేసిన ఎలక్ట్రీషియనూ ఇదే అంటాడు. పింగాణీ ఫ్యూజులు పోయి బోర్డులో వరసగా తెల్లటి ఎంసీబీలు వచ్చాక కరెంటు భయం తీరిపోయిందని మన మధ్యతరగతి గట్టిగా నమ్ముతోంది. ఈ నమ్మకానికి తోకలాంటి సలహా ఇంకొకటి ఉంది: “మాటిమాటికీ పడిపోతుంటే ఇంకాస్త పెద్దది వేయించండి.”

ఫ్యాన్లకూ లైట్లకూ ఈ ధీమాతో ఎలాగో రోజులు గడిచిపోవచ్చు. రెండువేలు, మూడువేల వాట్లు లాగే హీటింగ్ ఎలిమెంట్‌ను నీళ్లలో పెట్టి, ఆ నీళ్లను మనిషి ఒంటి మీద పోసుకునే చోట మాత్రం ఇది ప్రాణం మీదికి తెస్తుంది. ఈ నమ్మకం ఎందుకు తప్పో లెక్కలతో సహా చెప్పాల్సిన అవసరం ఉంది. ఎందుకంటే దీన్ని నమ్మేవాళ్లు తెలివితక్కువవాళ్లు కారు. ఎంసీబీ నిజంగానే మంచి పరికరం. అది చేసే పని ఒకటి, మనం దాని మీద పెట్టుకున్న ఆశ మరొకటి.

గీజర్ లైనుకు సాధారణంగా వేసే 16 ఆంపియర్ల ఎంసీబీనే తీసుకుందాం. పదహారు దాటగానే అది పడిపోతుందని చాలామంది అనుకుంటారు. దాని ప్రమాణం అలా చెప్పదు. తన రేటింగ్‌కు 1.13 రెట్లు, అంటే 18 ఆంపియర్ల దాకా, గంటసేపు పారినా అది పడకూడదు. 1.45 రెట్లు, అంటే 23 ఆంపియర్లు దాటితే గంటలోపు పడి తీరాలి. క్షణంలో పడాలంటే, మన ఇళ్లలో ఎక్కువగా వాడే సి రకానికి ఐదు నుంచి పది రెట్లు కావాలి: 80 నుంచి 160 ఆంపియర్లు. ఈ అంకెలన్నీ తీగను దృష్టిలో పెట్టుకుని వేసినవే. గోడలో ఉన్న తీగ కాగిపోయి దాని తొడుగు కరగకూడదు, ఫేజూ న్యూట్రలూ నేరుగా కలిస్తే మంట లేవకూడదు. ఎంసీబీ ఉద్యోగం అంతవరకే.

ఇప్పుడు మనిషి లెక్క చూడండి. తడి ఒంటికి నిరోధం సుమారు వెయ్యి ఓములు అనుకుంటే, 230 వోల్టులు తగిలినప్పుడు అతని గుండా పారేది 0.23 ఆంపియర్. 75 వాట్ల సీలింగ్ ఫ్యాను తీసుకునేది 0.33 ఆంపియర్. అంటే స్నానాలగదిలో ఒక మనిషి కరెంటు తగిలి విలవిల్లాడుతున్నప్పుడు ఎంసీబీకి కనిపించేది ఒక ఫ్యాను కంటే తక్కువ లోడు. అది పడిపోదు. పడిపోవాలని దాన్ని తయారు చేసినవారు ఎన్నడూ చెప్పలేదు. పది మిల్లీ ఆంపియర్ల దగ్గరే కండరాలు బిగుసుకుపోయి పట్టుకున్నదాన్ని వదల్లేని స్థితి రావచ్చు. ముప్పై దాటి కొద్దిసేపు నిలిస్తే గుండె లయ తప్పే ప్రమాదం మొదలవుతుంది. పదహారు ఆంపియర్లంటే పదహారువేల మిల్లీ ఆంపియర్లు. ఈ దూరాన్ని చూశాక కూడా “ఎంసీబీ ఉందిగా” అని ఎలా అనగలం?

ఎలిమెంట్ సంగతి వేరుగా ఎందుకు చెప్పుకోవాలో కూడా చూద్దాం. మిక్సీ ఐదు నిమిషాలు తిరిగి ఆగుతుంది. ఇస్త్రీపెట్టె వేడెక్కి ఆగి మళ్లీ వేడెక్కుతుంది. గీజర్ అలా కాదు. పదిహేను లీటర్ల నీళ్లను 20 డిగ్రీల నుంచి 60కి తేవాలంటే రెండువేల వాట్ల ఎలిమెంట్ ఇరవై నిమిషాలకు పైగా విరామం లేకుండా పూర్తి కరెంటు లాగాలి. బకెట్లో పెట్టే రాడ్డుకైతే చాలావాటికి థర్మోస్టాట్ కూడా ఉండదు. ఎవరో ఒకరు గుర్తుపెట్టుకుని ఆపేదాకా లాగుతూనే ఉంటుంది. రెండువేల వాట్లంటే 8.7 ఆంపియర్లు, మూడువేలంటే 13. మామూలు చిన్న సాకెట్ తట్టుకునేది 6 ఆంపియర్లు, అంటే 1380 వాట్లు. పదిహేనువందల వాట్ల రాడ్డు కూడా ఆ సాకెట్‌కు ఎక్కువే. అయినా హాస్టల్ గదుల్లో, అద్దె ఇళ్లలో దాన్ని చిన్న సాకెట్లోనే గుచ్చుతారు. పెద్ద పిన్ను పట్టకపోతే కన్వర్షన్ ప్లగ్గు తగిలిస్తారు, అదీ లేకపోతే పిన్ను కోసేసి తీగలు గుచ్చి అగ్గిపుల్లలు దోపుతారు. ఆ లైను మీదున్న ఎంసీబీ పదిదో పదహారుదో అయి ఉంటుంది కాబట్టి దానికి ఫిర్యాదే ఉండదు. నష్టమంతా సాకెట్‌ది.

అసలు దొంగ దాగి ఉన్నది జాయింట్లలో. దీని గురించి మనవాళ్లు దాదాపు మాట్లాడరు కాబట్టి కొంచెం నిలిచి చూద్దాం. స్క్రూ సరిగా బిగించని చోట, పిన్ను వదులుగా కూర్చున్న చోట, రాగి నల్లబడిన చోట చిన్న నిరోధం పుడుతుంది. అర ఓమ్ అనుకుందాం. మూడువేల వాట్ల ఎలిమెంట్ నిరోధం 17.6 ఓములు. ఈ అర ఓమ్ కలిస్తే మొత్తం 18.1 అవుతుంది, కరెంటు 13 నుంచి 12.7 ఆంపియర్లకు తగ్గుతుంది. గమనించండి, తగ్గుతుంది. ఎంసీబీ వైపు నుంచి చూస్తే పరిస్థితి మరింత బాగుపడినట్టే ఉంటుంది. అదే సమయంలో ఆ జాయింటులో పుట్టే వేడి 80 వాట్లు. రేడియో రిపేరు షాపులో సీసం కరిగించే సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లది. అలాంటివి మూడింటిని ఒక ప్లాస్టిక్ ప్లగ్గు లోపల పెట్టి తలుపు వేసుకుని స్నానానికి వెళ్లినట్టు.

ఇదే జాయింటు ఫ్యాను లైన్లో ఉంటే ఏమీ కాదు. వేడి కరెంటు వర్గంతో పెరుగుతుంది. గీజర్ కరెంటు ఫ్యాను కరెంటుకు నలభై రెట్లు, కాబట్టి ఒకే జాయింటులో పుట్టే వేడి పదహారువందల రెట్లు. “ఈ బోర్డు పదేళ్లుగా ఉంది, ఏమీ కాలేదు” అన్న వాదనకు జవాబు ఇక్కడే ఉంది. ఆ పదేళ్లూ దాని మీద పారింది ఫ్యాను కరెంటు. వేడికి లోహం వ్యాకోచిస్తుంది, చల్లారితే సంకోచిస్తుంది. రోజూ పొద్దున జరిగే ఈ కదలికకు స్క్రూ మరింత వదులవుతుంది. వదులైన చోట మరింత నల్లబడుతుంది, నల్లబడినకొద్దీ మరింత వేడి. పాత ఇళ్లలో ఉన్న అల్యూమినియం తీగలకు ఈ జబ్బు ఇంకా ఎక్కువ. అల్యూమినియం రాగి కంటే ఎక్కువ వ్యాకోచిస్తుంది, స్క్రూ కింద క్రమంగా నలిగి పలచబడుతుంది, దాని మీద పట్టే పొర కరెంటును పోనివ్వదు. స్విచ్‌బోర్డు దగ్గర చేపల వాసనలాంటిది వస్తే, ప్లగ్గు చుట్టూ గోధుమరంగు మచ్చ కనబడితే, లోపల ఈ పని మొదలై చాలాకాలమైందని అర్థం. ఎంసీబీ ఆ వాసన చూడలేదు. నిజానికి మన ఇళ్లలో ఉండే ఏ బ్రేకరూ చూడలేదు. చేయి పెట్టి చూసే మనిషి, స్క్రూడ్రైవరు పట్టుకుని ఏడాదికోసారి బిగించే మనిషి తప్ప దీనికి మందు లేదు.

ఇక “మాకు ఎర్తింగ్ ఉంది” అనేవారి వాదన. ఇది కాస్త బలమైనది, తేలిగ్గా కొట్టిపారేయదగ్గది కాదు. ఎలిమెంట్ పగిలి కరెంటు గీజర్ ఒంటికి తగిలితే, ఆ కరెంటు ఎర్త్ తీగ గుండా నేలలోకి పోతుంది, భారీగా పారుతుంది కాబట్టి ఎంసీబీ పడిపోతుంది అని వీరి లెక్క. లెక్క బాగుంది, నేల ఒప్పుకుంటే. తెలంగాణలో చాలాచోట్ల కాస్త తవ్వగానే గ్రానైటు రాయి తగులుతుంది. గుంత తవ్వి, బొగ్గూ ఉప్పూ వేసి, పైపు పాతి, మూడేళ్లుగా నీళ్లు పోయని ఎర్త్ గుంత నిరోధం 20 ఓములు ఉంటే ఆశ్చర్యపోనక్కర్లేదు. ట్రాన్స్‌ఫార్మర్ వైపు 2 ఓములు అనుకుందాం. మొత్తం 22. దాని గుండా పారేది పదిన్నర ఆంపియర్లు. రెండువేల వాట్ల గీజర్ తనకోసం తీసుకునే 8.7 కలిపితే 19 చిల్లర. 16 ఆంపియర్ల ఎంసీబీ గంటలోపు పడి తీరాల్సింది 23 దగ్గర అని పైన చూశాం. కాబట్టి ఇప్పుడు అది పడొచ్చు, పడకపోవచ్చు. థర్మోస్టాట్ ఎలిమెంట్‌ను ఆపేసి లీకు మాత్రం మిగిలితే పదిన్నర ఆంపియర్లే, అసలు పడదు. ఆ సేపంతా గీజర్ ఒంటి మీద నిలిచే వోల్టేజీ ఎంతో తెలుసా? 209. ఎర్తింగ్ ఉంది, ఎంసీబీ ఉంది, రెండూ పనిచేస్తున్నాయి, అయినా గీజర్ పెట్టెకూ దానికి తగులుకున్న లోహపు పైపులకూ 209 వోల్టులు.

ఇంతకంటే ఘోరం, ఎర్త్ లేని చోట సాకెట్లోనే ఎర్త్ పిన్నును న్యూట్రల్‌కు కలిపేయడం. టెస్టర్ వెలగదు, ఇంటివాళ్లు సంతోషిస్తారు. ఏదో ఒక రోజు వెనక ఎక్కడో న్యూట్రల్ తెగుతుంది. ఎలిమెంట్ లోపల ఏ లోపమూ లేకుండానే, దాని గుండా వచ్చిన ఫేజు నేరుగా గీజర్ ఒంటి మీదికి చేరుతుంది. ఎవరైనా ఈ పని చేస్తానంటే వెంటనే ఆపండి, వాదన పెట్టుకోకండి.

ఈ చిక్కుకు పరికరం చాలాకాలంగా ఉంది, పేరు ఆర్‌సీసీబీ. పోయిన కరెంటు, తిరిగి వచ్చిన కరెంటు సమానంగా ఉన్నాయా అని మాత్రమే చూస్తుంది. ముప్పై మిల్లీ ఆంపియర్లు తేడా వస్తే లైను కోసేస్తుంది. తేడా నూటయాభై దాటితే సెకనులో ఇరవై ఐదో వంతులోపే కోసేయాలి. పై లెక్కలో లీకైన పదిన్నర ఆంపియర్లు దానికి ఎప్పుడో ఎక్కువ. ఎర్త్ గుంత వెయ్యి ఓములున్నా 230 మిల్లీ ఆంపియర్లు పారతాయి, అప్పుడూ కోసేస్తుంది. ఎర్త్ అసలు లేకపోయినా, మనిషి తగిలిన క్షణంలో ఆ మనిషి గుండా పోయే తేడాను చూసి కోసేస్తుంది. షాకు తగులుతుంది, చాలామటుకు ప్రాణం దక్కుతుంది.

దీని మీద మన ఇళ్లలో ఉన్న కోపం నాకు తెలుసు. “అది ఊరికే పడిపోతుందండీ, తీయించేశాం.” ఈ ‘ఊరికే’ గురించి మాట్లాడాలి. ఎలిమెంట్ అంటే నిక్రోమ్ తీగ చుట్టూ మెగ్నీషియం ఆక్సైడ్ పొడిని దట్టించి, పైన రాగిదో ఉక్కుదో గొట్టం తొడిగిన వస్తువు. ఆ పొడి వేడిని పోనిస్తుంది, కరెంటును ఆపుతుంది. కానీ తేమను పీల్చుకుంటుంది. గొట్టం చివర సీలు దెబ్బతింటే, లేదా బోరునీళ్ల సున్నం దట్టంగా పట్టి గొట్టం అతిగా కాగి పగులు పడితే, ఆ పొడిలోకి తడి చేరుతుంది. అప్పుడు కొద్ది కొద్దిగా లీకు మొదలవుతుంది. ఆర్‌సీసీబీ పడేది అందుకు. ఎలిమెంట్ పగలబోతోందని అది వారాల ముందు చెబుతోంది. మనం దాన్నే పీకి పారేస్తున్నాం.

మరో కారణం ఇన్వర్టర్. ఇన్వర్టర్ బిగించడానికి వచ్చినవాళ్లు ఒక లైను న్యూట్రల్‌ను ఇంకో లైను న్యూట్రల్‌తో కలిపేస్తారు. పోయిన కరెంటు ఒక దారిన, వచ్చే కరెంటు ఇంకో దారిన అయితే ఆర్‌సీసీబీకి తేడా కనిపించి తీరుతుంది. అది వైరింగ్ తప్పు. దాన్ని వెతికి సరిచేయడానికి సగం రోజు పడుతుంది, ఆర్‌సీసీబీని తీసేయడానికి ఐదు నిమిషాలు. మన ఎలక్ట్రీషియన్‌కు ఆ సగం రోజు కూలి ఇవ్వడానికి మనం ఒప్పుకోం, కాబట్టి అతను ఐదు నిమిషాల పని చేసి వెళ్తాడు. తప్పంతా అతని మీద తోసేయడం అన్యాయం.

ఆర్‌సీసీబీ కూడా సర్వరోగనివారిణి కాదని ఇక్కడే ఒప్పుకోవాలి. ఓవర్‌లోడ్‌ను అది పట్టించుకోదు, అందుకు ఎంసీబీ పక్కన ఉండాల్సిందే. రెండు పనులూ చేసే ఆర్‌సీబీఓ కూడా దొరుకుతుంది. ఒక చేత్తో ఫేజు, ఇంకో చేత్తో న్యూట్రల్ పట్టుకుంటే దానికి మనిషికీ బల్బుకీ తేడా తెలియదు. వదులు జాయింటు దానికీ కనబడదు. దాని మీదుండే టెస్ట్ బటన్ నొక్కితే లోపలి యంత్రం పనిచేస్తోందని తెలుస్తుంది, అంతే. ఎర్తింగ్ బాగుందో లేదో ఆ బటన్ చెప్పదు.

“స్విచ్ ఆఫ్ చేశాకే ముట్టుకుంటాం” అనే జాగ్రత్తపరులకు ఒక మాట. మన సాకెట్ల పక్కనుండే స్విచ్ ఒక్క తీగనే కోస్తుంది. అది ఫేజు తీగ కావాలి. వైరింగ్‌లో ఫేజూ న్యూట్రలూ తారుమారైన ఇళ్లు మన దగ్గర తక్కువేం కాదు. అక్కడ స్విచ్ ఆపితే రాడ్డు వేడెక్కడం ఆగుతుంది, రాడ్డు లోపల ఫేజు మాత్రం అలాగే నిలిచి ఉంటుంది. గొట్టానికి పగులుంటే బకెట్లో వేలు పెట్టినవారికి తెలుస్తుంది. అందుకే ప్లగ్గు పీకి పక్కన పెట్టాకే నీళ్లు ముట్టుకోవాలని పెద్దగా, మళ్లీ మళ్లీ చెప్పాల్సి వస్తోంది. గీజర్ లైనుకు రెండు తీగలనూ ఒకేసారి కోసే డబుల్ పోల్ స్విచ్ కావాలనడానికీ కారణం ఇదే.

ఈ ధీమా మన ఒక్కరిదే అనుకోనక్కర్లేదు. న్యూజిలాండ్‌లో 1996 నుంచి సొంత వాడకానికి ఇంట్లో మద్యం బట్టీ పెట్టుకోవడానికి చట్టం ఒప్పుకుంటుంది. మన దగ్గర అది నేరం. అక్కడ ఆ బట్టీల్లో కాగేది నీళ్ల గీజర్‌లోని ఎలిమెంట్ లాంటిదే. అక్కడి మామూలు సాకెట్ 10 ఆంపియర్లది, 2300 వాట్ల దగ్గర దాని హద్దు. త్వరగా కాగాలని మూడువేల వాట్ల ఎలిమెంట్ బిగించి “బ్రేకర్ చూసుకుంటుంది” అనుకునేవాడికి ఎదురయ్యే ప్రమాదం మనకంటే పెద్దది, ఎందుకంటే అతని పాత్రలోంచి లేచేది అంటుకునే ఆవిరి. వేడిని అదుపు చేయడానికి పెట్టే సాలిడ్ స్టేట్ రిలే చెడిపోయినప్పుడు చాలాసార్లు మూసుకుపోయిన స్థితిలోనే చెడిపోతుంది, అంటే కరెంటు ఆగదు. మన గీజర్ థర్మోస్టాట్ కాంటాక్టులు అతుక్కుపోవడం కూడా ఇదే జబ్బు. వేడిని నియంత్రించే పరికరాన్నే రక్షణ అనుకోవడం రెండు చోట్లా ఒకే తప్పు. అందుకే మంచి గీజర్‌లో థర్మోస్టాట్‌తో పాటు విడిగా థర్మల్ కటౌట్, ప్రెషర్ వాల్వు ఉంటాయి. నీళ్లు బొట్లుగా కారుతున్నాయని ఆ వాల్వుకు బిరడా బిగించే ప్లంబర్‌ను ఇంట్లోకి రానివ్వకండి.

జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కల్లో ఇటీవలి సంవత్సరాల్లో దేశంలో ఏటా పదివేల మందికి పైగా విద్యుదాఘాతంతో చనిపోతున్నారు. ఇందులో పొలం మోటార్లు ఉన్నాయి, తెగిపడ్డ తీగలు ఉన్నాయి. అందరూ స్నానాలగదుల్లో పోయినవారని నేననను. కానీ ఏ చలికాలమైనా జిల్లా పేజీలు తిరగేయండి. బకెట్లో రాడ్డు ఆపకుండా చెయ్యి పెట్టిన కుర్రాడో, వేడి చూద్దామని వేలు ముంచిన ఇల్లాలో కనిపించకుండా ఉండరు. “ముప్పై ఏళ్లుగా వాడుతున్నాం, ఏమీ కాలేదు” అనే మాట బతికున్నవారే చెప్పగలిగేది, దాంతో వాదన నిలబడదు. ఎలిమెంట్ గొట్టానికి పగులు పడనంత కాలం ఎర్తింగ్ లేకున్నా, ఆర్‌సీసీబీ లేకున్నా, ఫేజు తారుమారైనా ఏమీ కాదు. పగులు పడిన రోజున అవన్నీ ఒకేసారి బయటపడతాయి.

ఖర్చు వాదనను పెద్దగా పట్టించుకోను. ముప్పై మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఖరీదు ఓ మాదిరి గీజర్ ఖరీదులో సగానికి మించదు. టైల్స్ రంగు కోసం షాపులన్నీ తిరిగే ఓపిక మనకుంది.

మిగిలింది ఆ తోక సలహా: పడిపోతుంటే పెద్ద ఎంసీబీ వేయించమనడం. ఎంసీబీ గురించి మనం పూర్తిగా నమ్మదగ్గ ఒకే ఒక్క సంగతి అది తీగను కాపాడుతుందని. ఈ సలహా దాన్ని కూడా పోగొడుతుంది. గోడలోని గొట్టంలో ఉన్న ఒకటిన్నర చదరపు మిల్లీమీటర్ల తీగ పదిహేను ఆంపియర్ల చుట్టుపక్కల మాత్రమే హాయిగా మోయగలదు. దానికి 32 ఆంపియర్ల ఎంసీబీ పెడితే, 36 ఆంపియర్లు గంటసేపు పారినా అది కదలదు. తీగ గోడలోనే ఉడికిపోతుంది. పడిపోయే ఎంసీబీకి ముఖ్యంగా మూడు కారణాలుంటాయి: లోడు ఎక్కువైంది, ఎక్కడో షార్టు ఉంది, లేదా ఎంసీబీ పాతబడింది. మూడింటిలో దేనికీ పెద్ద నంబరు జవాబు కాదు. గీజర్‌కు మెయిన్ బోర్డు నుంచి విడిగా రెండున్నర రాగి తీగ, పెద్ద కుటుంబానికి పెద్ద గీజరైతే నాలుగు, దాని చివర 16 ఆంపియర్ల సాకెట్, మధ్యలో ఇంకే జాయింటూ లేకుండా, దాని తలదగ్గర ఎంసీబీతో పాటు ఆర్‌సీసీబీ. అపార్టుమెంటు కొనేవాళ్లు ఈ నాలుగు మాటలూ ప్లాస్టరింగ్‌కు ముందే బిల్డర్‌ను అడగాలి, కాగితం మీద రాయించుకోవాలి. అద్దెకుండేవాళ్లు గోడ పగలగొట్టలేరు కానీ, అడ్వాన్సు ఇచ్చే ముందు మెయిన్ బోర్డు తలుపు తీసి టెస్ట్ బటన్ ఉన్న బ్రేకర్ ఉందా అని చూడగలరు. లేకపోతే దాన్ని పెట్టించమని, రంగులు వేయించమన్నంత మామూలుగా అడగొచ్చు. ఓనర్ “ఎంసీబీ ఉందిగా” అంటే, తడి చేతికి తగిలే కరెంటు ఫ్యాను లాగే కరెంటు కంటే తక్కువని, పదహారు ఆంపియర్ల ఎంసీబీకి అది కనబడదని ఆయనకు చెప్పండి.